స్నాప్‌షాట్ తీయడం, తీసేయడం

రాత్రి రెండున్నరకు ఫోన్ మోగింది. చెల్లింపుల డేటాబేస్ ఉన్న వాల్యూమ్ (స్టోరేజీలో దానికి కేటాయించిన భాగం) నిండిపోయింది. డ్యూటీలో ఉన్న కుర్రవాడు అప్పటికే పాత లాగ్ ఫైళ్లు 200 జీబీ దాకా తుడిచేశాడు. "ఎంత తుడిచినా ఖాళీ రావడం లేదు సార్. ఇంకా ఏ ఫోల్డరు తుడవమంటారు?" అని అడిగాడు. గొంతు వణుకుతోంది. "ఇంకేమీ తుడవకు బాబూ, నేను లాగిన్ అవుతున్నాను" అన్నాను.

చూస్తే ఆ వాల్యూమ్‌కు పద్నాలుగు నెలల నాటి స్నాప్‌షాట్ ఒకటి, అంటే ఆ నాటి డేటాను ఉన్నదున్నట్టు పట్టి ఉంచే గుర్తు, వేలాడుతోంది. దాన్ని తీసేద్దామంటే వ్యవస్థ ఒప్పుకోవడం లేదు, ఏదో క్లోన్ (ఆ స్నాప్‌షాట్ నుంచి పుట్టిన, రాయడానికి వీలున్న నకలు) దాన్ని పట్టుకుని ఉందట. ఆ క్లోన్ ఎవరిదో ఎవరికీ తెలియదు. పేరు మాత్రం ఘనంగా ‘టెస్ట్2 కొత్తది’ అని ఉంది.

స్టోరేజీ పనిలో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. ఇన్నేళ్లలో స్నాప్‌షాట్ తీయడం రాక ఇబ్బంది పడినవాణ్ణి చూడలేదు. మీట నొక్కితే క్షణంలో అయిపోతుంది. దాన్ని ఎప్పుడు, ఎలా తీసేయాలో తెలియక దెబ్బతిన్నవాళ్లు మాత్రం కోకొల్లలు, వాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఇక్కడ తీయడం గురించి తక్కువగా, తీసేయడం గురించి ఎక్కువగా రాస్తున్నాను.

ఖాళీ ఎందుకు రాదు

కాగితం మీద లెక్క వేసి చూడండి. మీ వాల్యూమ్ 1,000 జీబీ, అందులో డేటా 800 జీబీ అనుకుందాం. సోమవారం స్నాప్‌షాట్ తీశారు. దానికి పట్టిన చోటు దాదాపు సున్నా. ఎందుకంటే అది డేటాను నకలు చేయలేదు, ‘ఈ క్షణాన ఉన్న బ్లాకులేవీ (డిస్కు మీది డేటా ముక్కలేవీ) పారేయవద్దు’ అని గుర్తు పెట్టుకుంది, అంతే. మంగళవారం 200 జీబీ ఫైళ్లు తుడిచారు. ఫైళ్ల జాబితాలో 600 కనిపిస్తుంది. కానీ తుడిచిన 200 జీబీ బ్లాకులను స్నాప్‌షాట్ వదల్లేదు. నిజంగా వాడుకలో ఉన్నది ఇప్పటికీ 800. బుధవారం కొత్తగా మరో 200 జీబీ రాశారు. ఇప్పుడు 1,000 నిండింది. గురువారం కంగారులో 100 జీబీ తుడిచినా అవి కూడా సోమవారం నాటి ఫైళ్లే అయితే ఒక్క బైటు కూడా చేతికి రాదు. ఆ రాత్రి మా కుర్రవాడికి జరిగింది సరిగ్గా ఇదే.

రెండో చిక్కు ఇంకాస్త లోతైనది. ఒకే పాత బ్లాకును సోమవారం స్నాప్‌షాటూ, మంగళవారం స్నాప్‌షాటూ రెండూ పట్టుకుని ఉంటే, ఒకదాన్ని తీసేసినంత మాత్రాన ఆ బ్లాకు విడుదల కాదు. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో స్నాప్‌షాట్ల జాబితా తెరిస్తే ప్రతిదాని పక్కన ‘యూజ్డ్’ అనే అంకె ఉంటుంది. అది ఆ స్నాప్‌షాట్ ఒక్కటే పట్టుకున్న బ్లాకుల లెక్క. పంచుకున్నవి అందులో ఉండవు. అందుకే పది స్నాప్‌షాట్ల పక్కన ఉన్న అంకెలన్నీ కూడితే 15 జీబీ రావచ్చు, మొత్తంగా స్నాప్‌షాట్లు మింగిన చోటు మాత్రం 400 జీబీ ఉండవచ్చు. కొత్తవాళ్లు ఈ తేడా చూసి లెక్క తప్పిందనుకుంటారు. లెక్క తప్పలేదు, ప్రశ్న తప్పు. ‘ఇది ఎంత తింటోంది’ అని కాకుండా ‘ఫలానా దాని నుంచి ఫలానా దాని వరకు అన్నీ తీసేస్తే ఎంత వస్తుంది’ అని అడగాలి. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో డెస్ట్రాయ్ ఆదేశానికి ‘ఉత్తుత్తి పరుగు’ ఐచ్ఛికం ఉంది. నిజంగా తీసేయకుండానే ఎంత చోటు వస్తుందో చెబుతుంది. నెట్‌యాప్ కంపెనీ స్టోరేజీ పెట్టెల్లో నడిచే ఓన్‌ట్యాప్‌లో ‘కంప్యూట్ రిక్లెయిమబుల్’ ఆదేశం అదే పని చేస్తుంది. మొదట అడగండి, తర్వాత తీసేయండి. ఆ క్రమాన్ని ఎంత అర్ధరాత్రయినా తప్పకండి.

ఎన్ని ఉంచాలి

ఓన్‌ట్యాప్‌లో మొదటి నుంచీ ఉండే మామూలు షెడ్యూలు గంటవారీవి 6, రోజువారీవి 2, వారంవారీవి 2. ఫైళ్లు పంచుకునే వాల్యూమ్‌కు ఇది మంచి ఆరంభమే. డేటాబేస్‌కు మాత్రం కళ్లు మూసుకుని అంటించవద్దు.

కారణం చెబుతాను. ఒక డేటాబేస్ ప్రతి గంటా అదే 10 జీబీ చోటును తిరగరాస్తుందనుకోండి. గంటకొక స్నాప్‌షాట్ చొప్పున 24 ఉంచితే, ఆ 10 జీబీకి సంబంధించిన 24 పాత రూపాలు దాచాల్సి వస్తుంది, అంటే 240 జీబీ దాకా. రోజుకొక స్నాప్‌షాట్ మాత్రమే ఉంటే మధ్యలోని రూపాలను ఎవరూ దాచరు, 10 జీబీతో సరిపోతుంది. కాబట్టి ‘రోజుకు ఎంత మారుతోంది’ అనే ఒక్క అంకె చాలదు. గంటకు ఎంత మారుతోంది, రోజు మొత్తానికి ఎంత మారుతోంది, రెండూ వారం రోజులు కొలవండి. 24 గంటల లెక్కలు కూడితే రోజు లెక్క కంటే చాలా ఎక్కువ వస్తే గంటవారీవి తక్కువ కాలం, రోజువారీవి ఎక్కువ కాలం ఉంచండి.

ఇండెక్సులు మళ్లీ కట్టే పని, డీఫ్రాగ్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టేబుళ్లను మళ్లీ రాసే ‘వాక్యూమ్ ఫుల్’ లాంటివి జరిగే రాత్రి స్నాప్‌షాట్లు అమాంతం ఉబ్బుతాయి. డేటాలో కొత్త సంగతి ఒక్కటీ ఉండదు గానీ బ్లాకులన్నీ స్థలం మారతాయి. అలాంటి పని ఉన్నప్పుడు డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుడు) మీకు ముందే చెప్పాలి. చెప్పరు. కాబట్టి వాళ్ల మరమ్మతుల క్యాలెండరు మీరే అడిగి తెచ్చుకోండి.

ఈ ఉబ్బుకు మరో ఉపయోగం కూడా ఉంది. రోజూ 8 జీబీ దాటని గంటవారీ స్నాప్‌షాట్ ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి 300 జీబీ చూపిస్తే, మరమ్మతులేవీ లేని రోజున చూపిస్తే, ఎవరో మీ ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేస్తున్నారేమోనని అనుమానించండి. ఆ క్షణంలో చేయాల్సిన మొదటి పని స్నాప్‌షాట్ల స్వయంచాలక తొలగింపును ఆపడం. చోటు కోసం వ్యవస్థ పాతవాటిని తీసేస్తూ పోతే మీ చేతిలో చెడిపోయినవే మిగులుతాయి.

తీసే ముందు డేటాబేస్‌కు చెప్పారా

ఏమీ చెప్పకుండా స్టోరేజీ పెట్టె వైపు నుంచి తీసిన స్నాప్‌షాట్, హఠాత్తుగా కరెంటు పోయినప్పటి డిస్కులా ఉంటుంది. ఆధునిక డేటాబేసులు చాలావరకు అలాంటి స్థితి నుంచి తమ లాగ్ (జరిగిన మార్పుల చిట్టా) చదువుకుని లేస్తాయి. అయితే ఒక షరతు ఉంది. డేటా, లాగ్ రెండూ ఒకే క్షణం నాటివై ఉండాలి. డేటా ఒక వాల్యూమ్‌లో, లాగ్ మరో వాల్యూమ్‌లో పెట్టి, మూడు సెకన్ల తేడాతో వేర్వేరుగా స్నాప్‌షాట్లు తీస్తే ఆ జంటకు పొత్తు కుదరదు. చాలా పెట్టెల్లో ఇందుకోసమే ‘కన్సిస్టెన్సీ గ్రూప్’ ఉంటుంది, ఆ వాల్యూములన్నిటినీ దానిలో చేర్చి ఒకేసారి తీయండి. అది లేకపోతే డేటాబేస్‌ను బ్యాకప్ స్థితిలో పెట్టి తీయాలి. పోస్ట్‌గ్రెస్ 15వ వెర్షన్ నుంచి, బ్యాకప్ స్థితిలో పెట్టే ఫంక్షన్ల పేర్లు మారాయి. పాత స్క్రిప్టులు అక్కడ పని చేయవు. స్క్రిప్టు తప్పును పట్టించుకోకుండా ముందుకు పోయే రకమైతే, బ్యాకప్ స్థితిలో పెట్టకుండానే స్నాప్‌షాట్లు తీస్తూ ‘విజయవంతం’ అని రాసుకుంటూ పోతుంది.

మై ఎస్‌క్యూఎల్‌లో ఇంకో ఉచ్చు ఉంది, నేను స్వయంగా పడ్డాను. టేబుళ్లన్నిటికీ రీడ్ లాక్ (రాతలను ఆపే తాళం) వేసే ఆదేశాన్ని స్క్రిప్టులో ఒక వరుసలో రాశాను, కింది వరుసలో స్నాప్‌షాట్ ఆదేశం రాశాను. చూడటానికి ముచ్చటగా ఉంది. కానీ మొదటి వరుస పూర్తవగానే ఆ సెషన్ మూసుకుపోయింది, సెషన్‌తో పాటే లాకూ పోయింది. అంటే తలుపు గడియ వేసి, తీసి, ఆ తర్వాత ఫొటో తీశానన్నమాట. స్నాప్‌షాట్ పూర్తయ్యే వరకు ఆ సెషన్ తెరిచే ఉండాలి. ఎనిమిది నెలలు ఈ తప్పుతోనే నడిపాను. మై ఎస్‌క్యూఎల్ లోపల డేటాను దాచే ఇన్నోడీబీ తనంతట తాను కోలుకోగలదు కాబట్టి బతికిపోయాను.

లినక్స్‌లో వాల్యూములను నడిపే ఎల్‌వీఎంతో స్నాప్‌షాట్ తీస్తే ఫైల్ సిస్టమ్‌ను క్షణకాలం స్తంభింపజేసే పని అదే చూసుకుంటుంది. బయటి స్టోరేజీ పెట్టెకు మీ ఫైల్ సిస్టమ్ సంగతి తెలియదు. అక్కడ స్తంభింపజేసే ‘ఎఫ్‌ఎస్‌ఫ్రీజ్’ ఆదేశం మీరే నడపాలి. స్క్రిప్టు మధ్యలో విఫలమైనా విడిపించే వరుస తప్పకుండా నడిచేలా రాయండి. రూట్ ఫైల్ సిస్టమ్ మీద మాత్రం దాని జోలికి పోకండి, విడిపించే ఆదేశం ఇవ్వడానికి మీ టెర్మినలే కదలదు.

ఎల్‌వీఎం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పాత తరహా ఎల్‌వీఎం స్నాప్‌షాట్‌కు మీరు ముందే కొంత చోటు కేటాయిస్తారు. అది నిండితే అసలు వాల్యూమ్‌కు ఏమీ కాదు, స్నాప్‌షాట్ మాత్రం చెల్లకుండా పోతుంది. థిన్ పూల్ తరహాలో, అంటే వాల్యూములన్నీ ఒకే ఉమ్మడి చోటును పంచుకునేచోట, కథ తిరగబడుతుంది. పూల్ నిండితే అందులో ఉన్న అన్ని వాల్యూములూ ఇరుక్కుంటాయి. మామూలు అమరికలో రాతలు 60 సెకన్లు వేచి చూసి, తర్వాత తప్పు అని తిరిగి వస్తాయి. పూల్ దానంతటదే పెరిగే సదుపాయం ఉంది గానీ, దాని హద్దు మొదట్లో 100 శాతం అని ఉంటుంది, అంటే ఆపేసి ఉన్నట్టే. 75కో 80కో తగ్గించండి. పూల్‌లో డేటాతో పాటు మెటాడేటా (ఏ బ్లాకు ఎక్కడుందో చెప్పే పట్టిక) నిండుదలను కూడా గమనించండి. చాలామంది మొదటిదే చూస్తారు.

క్లోన్ అంటే తల్లి ఉన్న బిడ్డ

క్లోన్ అంటే రాయడానికి వీలున్న స్నాప్‌షాట్. 4 టీబీ డేటాబేస్‌కు నిమిషంలో నకలు దొరుకుతుంది, చోటు పట్టదు. అందుకే టెస్టింగ్ బృందాలకు అది మహా ఇష్టం. మర్చిపోయే సంగతి ఒక్కటే, బిడ్డ ఉన్నంత కాలం తల్లి స్నాప్‌షాట్‌ను తీసేయలేరు. తల్లి స్నాప్‌షాట్ ఉన్నంత కాలం, అది తీసిన నాటి నుంచి మారిన ప్రతి పాత బ్లాకూ మీ వాల్యూమ్‌లోనే ఉంటుంది. మొదటి రోజు పైసా ఖర్చు లేని క్లోన్ ఏడాది తర్వాత టెరాబైట్లు తినేది ఇలాగే, అదీ తన పేరున కాదు, తల్లి పేరున.

కాబట్టి క్లోన్ అడిగిన ప్రతివారినీ ముందు ఒక్కటే అడగండి: ఎన్నాళ్లకు? రెండు వారాలలోపు అయితే క్లోన్ ఇవ్వండి. నెలలు అంటే క్లోన్ ఇచ్చి వెంటనే విడగొట్టండి. దీన్ని ఓన్‌ట్యాప్‌లో ‘స్ప్లిట్’ అంటారు, సెఫ్ అనే స్టోరేజీ వ్యవస్థలో ‘ఫ్లాటెన్’ అంటారు. విడగొడితే పంచుకున్న బ్లాకులను బిడ్డ తన సొంతం చేసుకుంటుంది, ఆ మేరకు చోటు కావాలి, పని సాగుతున్నంత సేపు డిస్కుల మీద బరువు పడుతుంది. అందుకే మొదటి రోజే చేయండి. వాల్యూమ్ నిండాక విడగొడదామంటే అందుకు చోటెక్కడిది?

జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ‘ప్రమోట్’ ఉంది. చాలామంది దాన్ని విడగొట్టడమే అనుకుంటారు. అది తల్లీబిడ్డల స్థానాలు మార్చడమే. స్నాప్‌షాట్ క్లోన్ వైపుకు వెళ్తుంది, పాత వాల్యూమ్ ఇప్పుడు దాని మీద ఆధారపడుతుంది. పాతదాన్ని పారేసి క్లోన్‌నే అసలుగా నడపాలనుకున్నప్పుడు ఇది బంగారం. చోటు కోసమైతే ఒరిగేదేమీ లేదు.

క్లోన్‌ను అదే సర్వరుకు తగిలించేటప్పుడు జాగ్రత్త. గుర్తింపు సంఖ్యలతో (యూయూఐడీలతో) సహా అన్నీ తల్లివే. ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ‘ఈ యూయూఐడీ ఇప్పటికే ఉంది’ అని నిరాకరిస్తుంది. ‘నోయూయూఐడీ’ ఐచ్ఛికంతో ఒకసారి మౌంట్ చేసి, లాగ్ శుభ్రపడ్డాక దించి, అప్పుడు కొత్త యూయూఐడీ ఇవ్వండి. ఈఎక్స్‌టీ4 మాత్రం నిరాకరించదు, మర్యాదగా మౌంట్ అవుతుంది. అదే ప్రమాదం. తర్వాతి రీబూట్‌లో యూయూఐడీ చూసి మౌంట్ చేసే సర్వరు అసలు బదులు క్లోన్‌ను ఎక్కించవచ్చు. ఎల్‌వీఎం కింద ఉన్న డిస్కులైతే ‘వీజీ ఇంపోర్ట్ క్లోన్’ వాడండి. అసలు సలహా ఏమిటంటే వీలైతే క్లోన్‌ను వేరే సర్వరుకే తగిలించండి.

వేరే సర్వరైనా సరే, మొదటిసారి లేపేటప్పుడు నెట్‌వర్క్ తీగ పీకేసి ఉంచండి. ఒకసారి మేం నేరుగా లేపాం. క్లోన్‌కు తాను క్లోన్‌నని తెలియదు కదా. అర్ధరాత్రి పన్నెండు కాగానే తన లోపల ఉన్న షెడ్యూలు ప్రకారం ‘మీ బకాయి చెల్లించండి’ అని అసలు ఖాతాదారులకే ఈమెయిళ్లు పంపడం మొదలుపెట్టింది. అసలు డేటాబేస్ కూడా పంపింది. ఒక్కొక్కరికి రెండేసి. మర్నాడు ఉదయం ఫోన్లు ఎత్తిన పాపం నాది కాదు గానీ, ఎత్తినవాళ్ల ముఖాలు చూసే ధైర్యం నాకు లేకపోయింది. అప్పటి నుంచి మా క్రమం ఇది: తీగ లేకుండా లేపు, షెడ్యూలులోని పనులన్నీ ఆపు, ఈమెయిలు, ఎస్ఎంఎస్ చిరునామాలు ఉత్తుత్తివి చేయి, బయటి వ్యవస్థల పాస్‌వర్డులు మార్చు, ఖాతాదారుల పేర్లు, నంబర్లు మరుగుపరచు. ఇవన్నీ స్క్రిప్టుగా రాసి, అది నడిచిందని చూశాకే తీగ తగిలించండి.

వెనక్కి వెళ్లేటప్పుడు

ఒక ఫైలు పోయిందని మొత్తం వాల్యూమ్‌ను వెనక్కి తిప్పకండి. మూడు రోజుల కిందటి స్నాప్‌షాట్‌కు రోల్‌బ్యాక్ చేస్తే, ఆ మూడు రోజుల్లో తీసిన కొత్త స్నాప్‌షాట్లు కూడా పోతాయి. జెడ్‌ఎఫ్‌ఎస్ ముందు హెచ్చరించి ఆగుతుంది, మీరు ప్రత్యేకంగా ఒప్పుకుంటేనే సాగుతుంది. తొందరలో ఉన్నవాడు ఒప్పుకుంటూనే ఉంటాడు. ఓన్‌ట్యాప్‌లో ‘డాట్ స్నాప్‌షాట్’, జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ‘డాట్ జెడ్‌ఎఫ్‌ఎస్’ అనే దాగి ఉన్న డైరెక్టరీలోకి వెళ్లి కావాల్సిన ఫైలు నకలు చేసుకోండి. డేటాబేస్ అయితే ఆ స్నాప్‌షాట్ నుంచి క్లోన్ చేసి, లేపి, కావాల్సిన టేబులు అందులో నిజంగా ఉందో లేదో కళ్లతో చూసి, దాన్ని మాత్రం తెచ్చుకోండి.

వర్చువల్ మెషీన్ల స్నాప్‌షాట్లు వేరే జాతి. వీఎంవేర్ ఒక్కో స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దంటుంది, గొలుసులో 32 దాకా అనుమతించినా రెండు మూడే మేలంటుంది. ఆ మాట వినండి.

రెప్లికేషన్ (డేటాను మరో పెట్టెకు పంపుతూ ఉండే ఏర్పాటు) ఉంటే, రెండు వైపులా ఉమ్మడిగా ఉన్న స్నాప్‌షాట్‌ను చోటు కోసం తీసేయకండి. ఓన్‌ట్యాప్‌లో ఆ పని చేసే స్నాప్‌మిర్రర్ పేరుతో మొదలయ్యేవి చూడటానికి చెత్తలా ఉంటాయి. అవి పోతే మారిన బ్లాకులు మాత్రమే పంపే ఆధారం పోతుంది, మొత్తం 40 టీబీ మళ్లీ మొదటి నుంచి పంపుకోవాలి. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో అయితే అలాంటివాటి మీద ‘హోల్డ్’ వేసి పెట్టండి, ఎవరూ పొరపాటున తీసేయలేరు. ఇక, అదే పెట్టెలో ఉన్న స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అని ఎవరైనా అంటే, పెట్టె కాలిపోతే ఎక్కడి నుంచి తెస్తారో అడగండి.

సోమవారం ఉదయం

ప్రతి స్నాప్‌షాట్ పేరులో మూడు ఉండాలి: ఎందుకు, ఎవరి కోసం, ఎప్పటి దాకా. తేదీ ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు రాయండి, జాబితా దానంతటదే వరుసలో పడుతుంది. గడువు రాయని స్నాప్‌షాట్‌కు మా దగ్గర ఏడు రోజులే ఆయుష్షు.

వారానికోసారి నేను రెండే జాబితాలు తీస్తాను. ఒకటి, ప్రతి వాల్యూమ్‌లో అన్నిటికంటే పాత స్నాప్‌షాట్ వయసు. రెండు, క్లోన్లన్నీ, వాటి తల్లులు, వాటి యజమానులు. యజమాని లేని క్లోన్ కనిపిస్తే వెంటనే తీసేయను. అన్ని బృందాలకూ ఉత్తరం రాస్తాను. వారం చూస్తాను. జవాబు లేకపోతే ఆఫ్‌లైన్ చేస్తాను, డేటా ఎక్కడికీ పోదు, అందుబాటు మాత్రం ఆగుతుంది. మరో వారం చూస్తాను. అప్పటికీ ఎవరూ కదలకపోతే తీసేస్తాను.

ఆ రాత్రి దొరికిన ‘టెస్ట్2 కొత్తది’ని కూడా అలాగే చేశాం. ముందు వాల్యూమ్‌ను 300 జీబీ పెంచి ఊపిరి తీసుకున్నాం. ఉత్తరానికి జవాబు రాలేదు. ఆఫ్‌లైన్ చేసిన అయిదో రోజున నెలవారీ నివేదికలు తయారుచేసే బృందం నుంచి ఒకాయన ఫోన్ చేశారు, తన తెరలో ఏమీ రావడం లేదని. పద్నాలుగు నెలలుగా యాజమాన్యానికి వెళ్తున్న ఒక నివేదిక ఆ క్లోన్ నుంచే వెళ్తోంది. అందులోని అంకెలు పద్నాలుగు నెలల కిందటివి. అంతవరకూ ఎవరూ గమనించలేదు.